అవ్వ చెప్పిన నల్ల మందు

మా వీధి అవ్వ పోయిన మంగళవారం పొద్దువాలే వేళ కన్నుమూసింది. వాడిపట్టి దాటాక నల్లరేగడి చేల మధ్య ఉన్న మా తెలుగు వీధిలో, నలభై ఏళ్ళపాటు ఇంటింటి పసిబిడ్డలనూ సాయంత్రం తన అరుగు మీదకు చేర్చి నిద్రపుచ్చిన మనిషి ఆమె. నాకు బంధువు కాదు, పొరుగింటి ముసలామె. ఆ కబురు బండి తోలుకొని మదురైకి వచ్చిన మా చిన్నాయన నోట విన్నాను. ఆయన దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోలేదు. "అవ్వ పోయె, అమ్మణీ. ఏమి చేసేది, చేసిన పాపం ఊరికే విడిచిపెట్టునా" అన్నాడు.

ఆ రెండో వాక్యానికే ఈ జవాబు. జవాబు చెప్పేవారు ముందు ఆరోపణను ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆరోపణ ఇది: ఈ ముసలామె పిల్లలను నిద్రపుచ్చడానికి నల్లమందు, అంటే అభిని, పెట్టేది, పోయిన మాసి మాసంలో, అంటే మాఘ ఫాల్గుణాల నడుమ, ఒక బిడ్డ ఆ అభిని వల్లనే చచ్చిపోయింది, పెట్టిన సంగతి ఆమె తన నోటితోనే ఒప్పుకొన్నది. తాలూకా కచేరిలో ఒక కాగితం మీద ఈ మాట ఉంది. ఆ కాగితం ఉన్నంతకాలం, ఆమె పేరు పలికిన ప్రతిసారీ ఈ వీధి గొంతు తగ్గించుకొని పలుకుతుంది. అలా పలకడం నాకు సమ్మతం కాదు.

నేను మదురైలో ఆడపిల్లలకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే పాఠశాలలో చదువుతున్నాను. అక్కడ ప్రతి శనివారం వాదసభ జరుగుతుంది. ఒక పక్షం తీసుకొని నిలబడటం, ఎదుటివారి మాటల్లో చీలిక వెతికి దాన్ని వెడల్పు చేయడం నాకు అలవాటు, ఇష్టం కూడా. ఈసారి ఎదుటి పక్షం మా వీధి. ఆ పక్షంలో ఒక మూల నేను కూడా ఉన్నాను. అది దాచను; దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఈ పత్రిక మా వీధికి ఒక్క ప్రతి వస్తుంది. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాము, బడిలో అరవం చదువుతాము. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదవగలవారు మా వీధి మొత్తానికి ముగ్గురు. కనుక ఇది ఎవరో ఒకరు చదవగా మిగిలినవారు వింటారు. చదివేవారికి ఒక్క విన్నపం. మధ్యలో వాక్యాలు మింగవద్దు.

మా వీధి ఆడవాళ్ళు పొద్దు పొడవకముందే చేలకు పోతారు, పొద్దు గూకే వేళకు గాని తిరిగిరారు. వచ్చిన వెంటనే పొయ్యి, నీళ్ళు, పశువులు. ఆ కాసేపు పసిబిడ్డలకు ఎవరూ ఉండరు. ఆకలి, అలక, నిద్ర మూడూ కలిసి పసివాళ్ళ మీద పడే వేళ కూడా అదే. ఆ వేళను అవ్వ తనదిగా తీసుకున్నది. ఎవరూ అప్పగించలేదు. ఎవరూ అడిగిందీ లేదు.

ఆమె పనికి ఒక వరుస ఉండేది. మొదట కాళ్ళు. అరుగు కింద రాతితొట్టి దగ్గర పిల్లలను నిలబెట్టి ఒక్కొక్కరి కాళ్ళ మీద నీళ్ళు పోసేది. "నల్లా రుద్దుకో, ఇంగా నల్లా రుద్దుకో. మీ నాయన చేను చేనులో ఉండనీ, నా చాప మీదకు తేవద్దు" అనేది. మా మాటలో నల్లా అంటే బాగా అని. అరవంలో నల్ల అంటే మంచి. అది మా నోట ఎన్ని తరాల కిందట చేరిందో ఎవరికీ తెలియదు. కాకి రంగునూ నల్ల అనే అంటాము. రెండిటినీ కలిపి ఎప్పుడూ పొరబడము. ఉత్తరాది తెలుగు చదువరులు ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకోవాలి.

కాళ్ళ తర్వాత ఒక ముద్ద. ఇంట్లో తిన్నా తినకపోయినా సరే, కంబు, అంటే సజ్జల, సంగటి మజ్జిగలో పిసికి ఒక్క ముద్ద నోట పెట్టేది. తర్వాత అరికాళ్ళకు ఆముదం. ఆ తర్వాత తగవులు. పగలు ఎవరు ఎవరిని కొట్టారో, ఎవరి బొంగరం ఎవరు లాక్కున్నారో తేలనిదే ఎవరినీ పడుకోనిచ్చేది కాదు.

"ఏండా, వాణ్ణి ఎందుకు కరిస్తివి?"

"వాడే మొదట కరిచె, అవ్వా."

"ఎక్కడ? చూపీ." చెయ్యి దీపం దగ్గరకు తీసుకొని చాలాసేపు చూసేది. "ఇక్కడ ముందరి పన్ను జాగా ఖాళీగా ఉండాది గదరా. వాడికి అన్ని పళ్ళూ ఉండాయి. ముందరి పన్ను ఊడినోడివి నువ్వే. నిన్ను నువ్వే కరుచుకొని వాడి మీద పెడ్తివా?"

అరుగంతా నవ్వేది. కరిచినవాడూ నవ్వేవాడు. నా మొదటి వాదసభ అదే. సాక్ష్యాన్ని వెలుతురులో పెట్టి చూడాలని, ఓడిపోయినవాడు కూడా నవ్వుతూ పడుకొనేలా తీర్పు చెప్పాలని నేను అక్కడ నేర్చుకున్నాను. మొదటిది నిలుపుకున్నాను. రెండోది నాకు ఇప్పటికీ చేతకాదు. ఈ వ్యాసమే అందుకు సాక్ష్యం.

చాప ఎక్కిన తర్వాత అరవం పనికిరాదన్నది ఆమె నియమం. ఎవరైనా కళ్ళు నులుముకుంటూ "తూక్కం వస్తాంది అవ్వా" అంటే, "తూక్కం సంతకు పోయె. నీకు వచ్చేది నిద్దర. సరిగ్గా పిలిస్తేనే వస్తుంది" అనేది. అప్పుడు ఏర్లు మొదలు. మా పెద్దలు ఎప్పుడో ఉత్తరాన ఏ ఏరు దాటి, మళ్ళీ ఏ ఏరు దాటి ఇక్కడికి వచ్చారో అడిగేది.

"మొదట ఏది దాటితిమి?"

"కిష్ణ!" అని అరుపు.

"మళ్ళా?"

"పెన్న!" అరుపు కొంచెం తగ్గేది.

పాలారు దగ్గరకు వచ్చేసరికి సగం గొంతులు ఉండేవి కావు. కావేరి ఒకరిద్దరు దాటేవారు. వైగై ఒడ్డుకు చేరేసరికి చాప మీద మేలుకొని ఉండేది అవ్వ ఒక్కతే. తల్లులు పొయ్యి పని ముగించుకొని వచ్చి, నిద్రపోయిన బిడ్డలను భుజాన వేసుకొని పోయేవారు. ఏడేళ్ళ వయసు వరకు నేను కూడా అలాగే మా ఇల్లు చేరాను. ఇంటిదాకా నడిచిన గుర్తు నాకు ఒక్క రోజుది కూడా లేదు.

చివరగా ఒక కొమ్ము సంగతి. కడుపునొప్పితో మెలికలు తిరిగే చంటిబిడ్డకు మాత్రం అవ్వ ఒక వస కొమ్మును దీపపు మంటలో కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి, వేలికొనతో నాలుక మీద తాకించేది. పగలు మేము దాన్ని వస అంటాము, అరవలు వసంబు అంటారు. దీపం పెట్టిన తర్వాత మాత్రం దాని పేరు ఎవరూ పలకరు. పలికితే దాని గుణం పోతుందని నమ్మకం. చుట్టుపక్కల అరవ ఇళ్ళలోనూ ఇదే ఆచారం. పొద్దుపోయాక వాళ్ళు దాన్ని పేరు చెప్పని మందు అంటారు. అవ్వ నల్ల మందు అనేది. మంచి మందు అని.

ఇప్పుడు మీకు నచ్చని భాగం.

పత్తి ఏరే నెలల్లో మన వీధిలో చంటిబిడ్డలకు పొద్దున్నే ఆవగింజంత అభిని పెడతారు. బిడ్డ చేని గట్టున గుడ్డ ఉయ్యాలలో మధ్యాహ్నం దాటేవరకు మెదలదు. తల్లి చేతులు ఆగవు. చేను గలవారు చూసి కూడా చూడనట్టు ఉంటారు. ఏ ఇంట్లో పెడతారో నేను చెప్పను. పెట్టని ఇల్లు ఒకటో రెండో ఉంటే వారికి నా క్షమాపణ. అవ్వకు మాత్రం ఇల్లిల్లూ తెలుసు. వైగై దాకా కళ్ళు తెరుచుకొని ఉన్న బిడ్డ పగలంతా అభిని నిద్ర పోయి వచ్చిన బిడ్డ అని ఆమె లెక్క. ఆ లెక్క తప్పగా నేను చూడలేదు. ఆ బిడ్డ తల్లి వచ్చేదాకా కాచుకొని కూర్చునేది.

"పగలంతా పిళ్ళను గుండు మాదిరి పడేసి, మాపటికి నా దగ్గిర పంపితివా?"

"ఏమి చేసేదవ్వా? బిడ్డను వీపున కట్టుకొని ఏరితే సగం సాలు కూడా తీరదు. మా అత్త ఊరుకునేనా?"

"అట్లంటే ఆ అభిని మీ అత్తకు పెట్టు. ఆమె పండుకుంటే నీకు గొడవే లే."

చుట్టూ ఉన్న కోడళ్ళందరూ కొంగు నోట కుక్కుకొని నవ్వేవారు. అత్తలు నవ్వలేదు. ఆ నవ్వని ముఖాలన్నీ మాసి మాసంలో ఒకచోట చేరాయి.

ఎదుటి పక్షానికి నేనే ఒక ఆయుధం ఇస్తాను. నేను ఇవ్వకపోయినా మీరు ఎలాగూ వెతికి తీస్తారు. అవ్వ తన జీవితంలో ఒక బిడ్డకు అభిని పెట్టింది. తన మొదటి బిడ్డకు. అవి కుంఫిణీవారి రోజులు, ఆమెకు పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళు. కలుపు తీసే వేళ అందరూ పెట్టినట్టే పెట్టింది. ఆ బిడ్డ లేవలేదు. నా పన్నెండో ఏట, ఆముదపు చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా నాతో చెప్పింది. "ఎవరూ బలవంతం చెయ్యలే, అమ్మణీ. నేనే పెడ్తిని. అది నల్లా పండుకొనె అని సంతోషపడి సాయంత్రందాకా కలుపు తీస్తిని." ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నలభై ఏళ్ళు ఆమె ఎందుకు ఆ అరుగు మీద కూర్చున్నదో ఆ రోజు నాకు అర్థమైంది. ఇలాంటి మనిషి ఇంకొకరి బిడ్డ నోట అభిని పెట్టిందని నమ్మడానికి ఎంత సోమరితనం కావాలో మీరే ఆలోచించండి.

మాసి మాసంలో మా పాఠశాలలో పిల్లలకు అమ్మవారు పోసింది. సెలవు ఇచ్చి ఇళ్ళకు పంపారు. ఆ విధంగా ఆ సాయంత్రం నేను వీధిలో ఉన్నాను.

రెండేళ్ళ ఆడబిడ్డ, మా వీధి పెద్దింటిది. వాళ్ళ ఇంటి పనిమనిషి ఎత్తుకొచ్చి తొట్టి దగ్గర దించి పోయింది. అవ్వ కాళ్ళ మీద నీళ్ళు పోయబోయి ఆగింది. బిడ్డ నిలబడలేదు, కూలబడింది. అవ్వ దీపం దగ్గరకు జరిపి కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప సూదిమొనంత అయి ఉంది.

"అమ్మణీ, బాయి నీళ్ళు తే, చల్లనివి. ఈ పిళ్ళను ఈ పొద్దు పండనియ్యకూడదు."

ఆమె నోట ఆ మాట వీధిలో అంతకుముందు ఎవరూ విని ఉండరు. బిడ్డను భుజాన వేసుకొని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. అరికాళ్ళ మీద చరిచింది. ముఖాన నీళ్ళు చల్లింది. "కణ్ణూ, కిష్ణ అను. కిష్ణ అను తల్లీ. పెన్న అను" అని చెవిలో అరిచింది. ఏ పిలుపుతో నలభై ఏళ్ళు పిల్లలను నిద్రలోకి పంపిందో ఆ పిలుపుతోనే ఈ బిడ్డను వెనక్కి లాగడానికి చూసింది. చాప మీద పిల్లలందరూ లేచి కూర్చున్నారు. ఒకసారి ఆ బిడ్డ కళ్ళు తెరిచింది. పెదవులు కదిలాయి. నేను నీళ్ళ కడవతో పక్కనే ఉన్నాను, చూశాను.

అప్పుడు బిడ్డ నాయనమ్మ వచ్చింది.

"నిద్దరపుచ్చమని పంపితే వీధంతా తిప్పి కొడతా ఉండావే! నీకు పిచ్చి పట్టెనా?"

"అభిని ఎంత పెడ్తిరి? రెండు తూర్లు పెడ్తిరా? చెప్పు, ఇంగా వేళ ఉండాది, బిడ్డ కళ్ళు తెరిచె."

"నోరు ముయ్యి. మా ఇంట్లో అట్లాంటి పని లే. నీ బిడ్డను తిన్నావు, మా బిడ్డ నీకెందుకు?"

బిడ్డను లాక్కొని పోయారు. ఇంట్లో ఉయ్యాలలో పడుకోబెట్టారు. అవ్వ వాళ్ళ గుమ్మం దాకా పోయి, "పండబెట్టొద్దు, ఎత్తుకొని తిరగండి, అంతే చాలు" అని బతిమాలింది. తలుపు వేశారు. నేను కడవతో వీధి మధ్య నిలబడి ఉన్నాను. శనివారం శనివారం గొంతు చించుకొనే నేను ఆ పెద్దింటి నాయనమ్మ ముందు ఒక్క మాట అనలేదు. తెల్లవారేసరికి బిడ్డ పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి చూసి అభిని గుర్తులు ఉన్నాయని చెప్పాడు. మరునాటి సాయంత్రం తాలూకా నుంచి రాయసం, అంటే వాంగ్మూలాలు వ్రాసుకొనే ఉద్యోగి, వచ్చాడు. ఆయన ఉత్తరాది తెలుగువాడు. చెడ్డవాడు కాడు. ఈ దూరదేశంలో తన భాష వినబడినందుకు మురిసిపోయాడు. అవ్వ అరుగు మీదనే కూర్చొని, "పెద్దమ్మా, మీ మాట వింటుంటే మా ఊళ్ళో ఉన్నట్టుంది" అన్నాడట. అప్పటికి దీపాలు పెట్టేశారు. మా ఊరి మునసబు మామ, బిడ్డ నాయనమ్మ, ఇంకా పదిమంది చుట్టూ నిలబడి ఉన్నారు. అక్కడ జరిగిన మాటలు తర్వాత అవ్వ నాకు చెప్పింది. కచేరి కాగితం నకలు కూడా అవే చెబుతుంది.

"ఆ బిడ్డకు మీరేమైనా పెట్టారా?"

"ఆ దినం ఏమీ పెట్టలే, సామీ."

"మామూలుగా పిల్లలకు ఏమైనా పెడతారా?"

"కడుపునొప్పి ఉంటే నల్ల మందు."

"నల్లమందా?"

"అవును సామీ. నల్ల మందే. నలభై ఏండ్లుగా పెడతా ఉండాను. ఏ బిడ్డకూ ఏమీ కాలే."

"సరిగ్గా దాని పేరు చెప్పండి, వ్రాసుకుంటాను."

"దీపం పెట్టినాక దాని పేరు చెప్పేదానికి లేదు సామీ. పొద్దున రండి, చెప్తాను."

ఉత్తరాది తెలుగులో నల్లమందు అంటే అభిని. మా వీధిలో అభినిని అభిని అనే అంటాము. నల్లమందు అన్న మాట ఆ అర్థంలో మా నోట ఏనాడూ లేదు. రాయసం తన తెలుగులో విన్నాడు, తన తెలుగులో వ్రాసుకున్నాడు. పేరు చెప్పడానికి నిరాకరించింది అని కూడా వ్రాశాడు. ఆ సాయంత్రం ఒక అరవ రాయసం వచ్చి ఉంటే మంచి మందు అని వ్రాసుకొని పోయేవాడు. ఆమె భాష తెలిసినవాడు రావడమే ఆమెకు కీడైంది.

ఇక నా మూల. రాయసానికి ఒక చిన్న అనుమానం మిగిలింది. నిజాయితీ గల మనిషి. వీధిలో చదువుకొన్న పిల్ల ఉందని తెలిసి, ఆ సాయంత్రమే మునసబు మామ ఇంటి ముందుకు నన్ను పిలిపించాడు. "అమ్మాయీ, నల్లమందు అంటే ఏమిటో నీకు తెలుసా?" అని అడిగాడు. ఏ సందర్భంలో అడుగుతున్నాడో నేను అడగలేదు. సందర్భం లేకుండా మాటకు అర్థం చెప్పరాదని నేనే ఎన్ని శనివారాలు వాదించి గెలిచానో లెక్కలేదు. "అభిని" అన్నాను. "వైద్యగ్రంథాల్లో కూడా ఆ పేరే" అని ఆయన అడగనిది కూడా కలిపాను. "శభాష్" అన్నాడు. అవ్వ దూరంగా తన అరుగు మీద ఉంది. మా మాటలు ఆమెకు వినబడలేదు. ఒక ఉద్యోగి తన వీధి ఆడపిల్లను పిలిచి ఏదో అడిగాడని, ఆ పిల్ల తడుముకోకుండా జవాబు చెప్పిందని మాత్రం కనబడింది. నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వింది. నేను గర్వంగా ఇంటికి పోయాను.

మరునాడు పొద్దున మా అమ్మ నోట అసలు సంగతి విని పరుగెత్తాను. అవ్వ అరుగు ఊడుస్తోంది.

"అవ్వా, ఆ మందు పేరేమి? ఇప్పుడు చెప్పు!"

"వస. పొద్దు పొడిచె గదా, ఇంగ చెప్తే ఏమి? వస. ఆ సామి వస్తాడని ఊడుస్తా ఉండాను."

ఆ సామి తెల్లవారుజామునే బండి కట్టించుకొని పోయాడు. మునసబు మామ దగ్గరకు పోయాను. "వ్రాసింది వ్రాసిందే, అమ్మణీ. ముసలామెను జైల్లో వేసేనా ఏమి? ఊరికే కాగితం. ఇంతటితో విడువు" అన్నాడు. మదురైకి తిరిగి వచ్చి కచేరికి అర్జీ వ్రాశాను. చక్కని భాషలో వ్రాశాను. జవాబు రాలేదు. బిడ్డకు అభిని ఎవరు పెట్టిందీ రుజువు కాలేదని విచారణ ముగించారు; అవ్వ ఒప్పుకోలు మాత్రం కాగితంలో ఉండిపోయింది. ఆమెకు ఏ శిక్షా పడలేదు. శిక్ష వేసే పని వీధి తీసుకున్నది. ఆ నాటి నుంచి ఒక్క ఇంటి నుంచి కూడా బిడ్డను పంపలేదు.

నాలుగైదు నెలలు ఆమె బతికింది. సెలవుల్లో పోయినప్పుడు చూశాను. సాయంత్రం తొట్టిలో నీళ్ళు నింపేది. చాప పరిచేది. సంగటి పిసికి పెట్టుకొనేది. చీకటి పడ్డాక తొట్టి నీళ్ళు గుమ్మడిపాదుకు పోసి, చాప చుట్టి లోపల పెట్టేది. నా తప్పు ఆమెకు చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. "నీకు తెలిసింది నువ్వు చెప్తివి. నీ తెలుగు పెద్ద తెలుగు, నాది అరుగు తెలుగు. అది నీ తప్పా?" అన్నది. తర్వాత చాప చుడుతూ, "వాళ్ళకు తెలుసు గదా, అమ్మణీ. నిలబడి ఉండిరే పదిమంది, వాళ్ళకు తెలుసు గదా" అన్నది. ఆమె నోట నేను విన్న ఫిర్యాదు ఆ ఒక్కటే.

అవును, మీకు తెలుసు. నా వాదమంతా ఇదే. రాయసం పరదేశి, ఆయనకు తెలియదు. నేను ఆ మాటలు జరిగిన చోట లేను. మీరు ఉన్నారు. 'నల్లా ఉండావా' అని రోజుకు పదిసార్లు అడిగే నోళ్ళు మీవి. మీ బిడ్డల కడుపునొప్పికి ఆమె చేత ఆ కొమ్ము తాకించుకొన్నది మీరు. దీపం పెట్టాక దాని పేరు పలకని ఇల్లు మన వీధిలో ప్రతి ఇల్లూను. ఆమె ఏమి చెబుతున్నదో ఆ అరుగు చుట్టూ నిలబడ్డ ప్రతి మనిషికీ అక్షరం అక్షరం అర్థమైంది. 'సామీ, మా మాటలో నల్ల అంటే మంచి' అని ఒక్కరు, ఒక్క చిన్న వాక్యం చెప్పి ఉంటే చాలు. ఎందుకు చెప్పలేదు? చెబితే రెండో ప్రశ్న వస్తుంది. ఆమె కాకపోతే అభిని పెట్టింది ఎవరు? ఆ ప్రశ్న ఏ ఒక్క ఇంటి గుమ్మం దగ్గరా ఆగదు. పదిమంది తమ తమ గుమ్మాలను కాపాడుకున్నారు. పొరబాటు రాయసానిది, గర్వం నాది. అబద్ధం మాత్రం మీది. నోరు తెరవకుండా ఆడిన అబద్ధం.

ఇప్పుడు పొద్దు గూకగానే మన వీధి నిశ్శబ్దంగా ఉంటుంది. తల్లులు వంట చేసుకుంటారు, ఏ బిడ్డా ఏడవదు. పిల్లలు బుద్ధిమంతులయ్యారని మా చిన్నాయన మెచ్చుకున్నాడు. ఆ నిశ్శబ్దం ఏ డబ్బాలో నుంచి వస్తున్నదో ఆయనకూ తెలుసు, మీకూ తెలుసు. పొద్దున ఒక గింజతో ఆగేది, సాయంత్రం ఇంకో గింజ అయింది. నిద్రపుచ్చే మనిషి లేదు గదా.

వచ్చే శుక్రవారం ఆ రాయసం వేరే పని మీద మళ్ళీ మునసబు చావడికి వస్తున్నాడు. పట్టపగలు వస్తున్నాడు. నేను కూడా వస్తున్నాను. మొదట నేను లేచి, నేను చెప్పిన అర్థం తప్పని, ఎందుకు తప్పో, నా పేరుతో వ్రాయించి సంతకం చేస్తాను. అది నా పక్షం నుంచి. అవ్వ మేలుకొలపాలని తిప్పుతున్న ఆ బిడ్డను లాక్కొని పోతుంటే చూస్తూ నోరు మెదపలేదని కూడా వ్రాయిస్తాను. ఆ కాగితం మీద నా సంతకం కింద చోటు ఉంటుంది. ఆ సాయంత్రం అరుగు చుట్టూ నిలబడ్డ పదిమందినీ నేను అడుగుతున్నాను, ఆ బిడ్డ నాయనమ్మను అందరికంటే ముందు అడుగుతున్నాను. వ్రాయడం రానివారు వేలిముద్ర వేయవచ్చు. ఇది చదివి వినిపిస్తున్నవారు ఇక్కడ ఆగి, తల ఎత్తి, ఒక్కొక్కరి ముఖం చూసి అడగండి: శుక్రవారం ఎవరు వస్తున్నారు? జవాబు వచ్చేదాకా కాగితం మడవకండి.